చెక్‌పోస్టు దగ్గర మూడో తేనెపిట్ట

ప్రాణాలకు తెగించి నల్లమల గుండెల్లోకి చొచ్చుకెళ్లి, లోకం ఎరగని పిట్టను వెలికితీసిన వీరగాథ ఇది అని మొదలుపెట్టాలని ఉంది. నిజానికి మేము అడవిలో అడుగే పెట్టలేదు.

మిత్రుడు తిమ్మప్ప ఎమ్మెస్సీ ప్రాజెక్టు కొండ అడవుల తేనెపిట్టల వర్గీకరణ. రెండు జాతులు తేలాయి, మొదటిది ఊదారంగుది. కిందటి నెల చూసిన మూడోది, పసుపు పొట్ట మీద నల్లచార ఉన్నది, వేరే జాతేనని వాళ్ల సారుకు మాటిచ్చేశాడు. సోమవారంలోగా రుజువు చూపకపోతే ఏడాది గల్లంతు.

డిసెంబరు చలిలో ఆరింటికి గద్వాలలో బస్సెక్కాం. వనపర్తిలో ఇడ్లీ తిన్నాం. చట్నీలో నీళ్లకు లోటు లేదు. నాగర్‌కర్నూల్ దాటేసరికి తిమ్మప్ప మాట్లాడడం మానేశాడు.

"పిలగానికి పానం బాగలేదా?" అంది పక్కసీటు ముసలమ్మ.

"పిట్ట పట్టింది పెద్దమ్మా" అన్నాను. ఆవిడ జరిగి కూర్చుంది.

పన్నెండింటికి అడవి అంచున చెక్‌పోస్టు. నక్సలైట్ల కోసం గాలింపు సాగే ఆ రోజుల్లో నల్లమలలో కుర్రాడి మెడలో దుర్బీను వేలాడితే ఎవరికీ పిట్టలు గుర్తురావు. జవాను మమ్మల్ని దింపాడు. బస్సు వెళ్లిపోయింది.

"దేనికోసమొచ్చిండ్రు?"

"మూడు రకాలున్నయ్ సార్" అన్నాడు తిమ్మప్ప. "రెండింటి ఆనవాళ్లు దొరికినయ్. మూడోది లోపలున్నది."

జవాను భుజం మీది తుపాకి చేతిలోకి వచ్చింది. "యాడ దాచిండ్రు?"

"పిట్టలు సార్, తేనెపిట్టలు!" అన్నాను.

"పిట్టలంటే?" అన్నాడు, అదీ మారుపేరే అన్నట్టు. దుర్బీను లాక్కుని, "మా సారొచ్చేదాంక కూసోండ్రి" అన్నాడు. నాకు జోకు తట్టలేదు. నాకే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

ఎదురుగా మామిడిచెట్టు కొమ్మలకు అంటుకుని బతికే బదనిక పూసింది. గంట తర్వాత పూల మీద ఏదో వాలింది. తిమ్మప్ప దిగ్గున లేచాడు.

"కదలకు!"

"దుర్బీన్ సార్, జర!"

జవాను చెట్టుకేసి చూసి, ఇచ్చాడు. పసుపు పొట్ట, నల్లచార. అదే! అంతలో పిట్ట పక్కకు తిరిగింది. రెక్కల మీద, రొమ్ము మీద ఊదా ఈకలు మాసికల్లా మెరుస్తూ మొలుస్తున్నాయి. తిమ్మప్ప దుర్బీను దించేశాడు.

"దొరికిందా మూడోది?"

"మూడోది లేదు సార్. మొదటిదే బట్టలు మార్చుకుంటున్నది."

జవాను కూడా చూసి పకపకా నవ్వాడు. "పోర్రి లోపలికి!"

ఇక లోపల పనేముంది? తిరుగు బస్సెక్కాం. అచ్చంపేట దాకా తిమ్మప్ప కిటికీతోనే కాపురం.

"సారుకేం చెప్పాల్రా?"

"జాతులు రెండే, ఒకటి మోసగాడని చెప్పు."

నవ్వలేదు. నోటుబుక్కు తీసి, "వేరే జాతి కాదని రుజువైంది గద. గదే రాస్త" అన్నాడు.

జాబితాలో కొత్త పిట్టను చేర్చబోయి దాని పేరే కొట్టేసి వచ్చిన యాత్ర ఇది. వెళ్లదలచినవారు మధ్యాహ్నం తిరుగు బస్సులో ఎడమవైపు కూర్చోకండి. ఎండ కొడుతుంది.