తాడు లాగుతానని కాణిపాకంలో ప్రమాణం

వచ్చే వారం స్కైడైవింగ్ నేర్చుకునేదానికి పోతా ఉండాను. కొన్న హెల్మెట్టు, గాగుల్స్, చేతికి కట్టుకునే ఎత్తు చూపించే మీటరు నాయనకు చూపించినాను.

"పారాచూట్ తాడు లాగేది మర్చిపోతే?" అన్నాడు.

"పారాచూట్‌ని దానంతటదే తెరిచే మిషను ఉంటాది నాయనా."

"మిషన్ని యాడ నమ్మేది?" అని ఈ పొద్దు కాణిపాకం పిల్చుకపోయి, తాడు లాగుతానని దేవుడి ముందర ప్రమాణం చేయించినాడు.

మా పక్కనే మందు మానేస్తానని ప్రమాణం చేసినాయన, "నువ్వేం మానేస్తా ఉండావు పాపా?" అని అడిగినాడు. సంగతి చెప్పినాను.

"నాదే మేలు. మాట తప్పినా ఇంటికైతే పోతాను" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాయన, ఆడ ప్రమాణం చేసినోళ్ళు కూడా మాట తప్పుతారా అని రెండు తూర్లు అడిగినాడు.

ఆడ ప్రమాణం చేసి నిలబెట్టుకున్నోళ్ళు ఉంటే కామెంట్లో రాయండి, నాయనకు చదివి వినిపించాల. తప్పినోళ్ళు రాయొద్దు.