శివరాములు నీళ్ల విచారణ

అమీర్‌పేటలో ఏ దుకాణంలోనైనా ఎల్‌ఈడీ స్ట్రిప్పు కావాలంటే ఏ రంగు, ఎన్ని మీటర్లు అని అడుగుతారు. శివరాములు మాత్రం నీళ్ల సంగతి అడుగుతాడు. "నీళ్లు ఎటు నుంచి వస్తయి?" అన్నది తేలందే ఆయన కొట్టులోంచి మీటరు ముక్క కూడా బయటికి కదలదు.

టీవీ వెనక అతికించుకుందామని ఒకాయన వచ్చాడు.

"టీవీ వెనక నీళ్లేందన్నా?"

"మీదింట్ల బాత్రూమున్నదా?"

"ఉన్నది."

"ఎవరుంటరు?"

"ఓనరు."

"కారితే రిపేరు చేపిస్తడా?"

ఆయన వానకు తట్టుకునేదే పట్టుకుపోయాడు.

స్ట్రిప్పు మీద ఐపీ అని, పక్కన రెండంకెలుంటాయి. మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్లకు. ఇరవై అంటే తడి తగలకూడదు. అరవై అయిదు వానకు ఆగుతుంది. అరవై ఎనిమిది నీళ్లలోనే కాపురం చేస్తుంది. శివరాములు మనుషులకూ ఇవే మార్కులు వేస్తాడు. బామ్మర్ది సాయిలుకు ఇరవై: "ఒక్క మాట పడ్డా ఫ్యూజే!" భార్య కాంతవ్వకు అరవై ఎనిమిది: "ఇన్నేండ్లు నా ముచ్చట్లల్ల మునిగి సుత ఎలుగుతనే ఉన్నది."

సోమాజిగూడ ఆస్పత్రిలో నర్సుగా చేసే లీలాకుమారి కొట్టుకొచ్చినప్పుడూ అదే విచారణ జరిగింది.

"నీళ్లు ఎటు నుంచి వస్తయి చెల్లె?"

"ఎటు నుంచీ రావన్నా. లైటే నీళ్లల్ల ఉంటది."

శివరాములు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంత మంచి జవాబు ఆయన ఎన్నడూ వినలేదు.

లీలాకుమారి మామ ఏసోబు పంజగుట్ట ప్రార్థన మందిరంలో నీళ్ల ట్యాంకులో మునిగి బాప్తిస్మం తీసుకోవాలి. చూపు మసక. ట్యాంకులో మెట్లు కనబడక రెండుసార్లు అంచుదాకా వెళ్లి వెనక్కొచ్చాడు. ఈ ఆదివారం కూడా దిగలేకపోతే ఇక ఆ ఊసే ఎత్తనన్నాడు.

"అరవై ఎనిమిదే ఇయ్యన్నా. మూడు మెట్లకు మూడు ముక్కలు కోసిస్తే పోత, డ్యూటీ ఉన్నది."

"కోస్తే దాని నంబరు పోతది చెల్లె. కోసిన కాడ మూత పెట్టాలె, జిగురు పొయ్యాలె, ఆరాలె, నా బకెట్ల నానాలె. శనివారం నేనే వచ్చి అతికిస్త. తెల్లారి నీళ్లు నింపుకోండ్రి."

"పక్క దుకాణమాయన ఇప్పుడే కోసిస్త అంటుండు."

"ఆయనిస్తడు. నేనెవరు? సిరిసిల్ల పక్క పల్లె బడిల లెక్కలల్ల ఫస్టు! సనత్‌నగర్ ఫ్యాక్టరీ ముంగట ఫౌంటెన్ లైట్లు నావే! యూసుఫ్‌గూడ ఫంక్షన్ హాలుల..."

ఆ ఘనకార్యాలు పూర్తయ్యేసరికి డ్యూటీ కాస్తా అయిపోతుందని ఆమె సరేనంది.

ఆదివారం ట్యాంకు అడుగున మెట్లు బంగారు గీతల్లా మెరిశాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని శివరాములు, పక్కన కాంతవ్వ, ఆఖరి వరసలో కూర్చున్నారు. పాస్టరుగారు ఇంకా గౌను తొడుక్కుంటున్నారు. ఏసోబు అంచుదాకా వచ్చి ఆగాడు.

"మామయ్యా, మెట్లు కనవడుతున్నయా?"

"కనవడుతున్నయి బిడ్డా. కరెంటు సుత కనవడుతున్నది." ఆయన వెనక్కి తిరిగాడు.

లీలాకుమారి ఆఖరి వరస వైపు చూసింది. శివరాములు అక్కడ లేడు. బతుకులో మొదటిసారి ఏమీ విచారించకుండా, ఇస్త్రీ చొక్కాతోనే ట్యాంకులోకి దిగిపోతున్నాడు. ఛాతీలోతున నిలబడి చేయి చాచాడు.

"పెద్దాయనా, నేను నవ్వుతున్ననా?"

"నవ్వుతున్నవ్."

"షాక్ కొట్టినోడు నవ్వుతడా?"

ఏసోబు కాసేపు పరీక్షగా చూశాడు. "సల్లగున్నయా?"

"మస్తు సల్లగున్నయి. జల్ది రా, నేను వణుకుతున్న!"

ముసలాయన పకపకా నవ్వి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. ఆ పైన సంగతి పాస్టరుగారు చూసుకున్నారు. మందిరమంతా పాట అందుకుంది.

కాంతవ్వ కొంగుతో మొగుడి తల తుడుస్తూ చొక్కా జేబులో చెయ్యి పెట్టి సెల్‌ఫోను బయటికి తీసింది. దాని నుంచి నీళ్లు ధారగా కారాయి. నొక్కితే పలకలేదు.

లీలాకుమారి నవ్వాపుకుంటూ అడిగింది: "అన్నా, దీని నంబరెంత?"

శివరాములు ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొన్ననాడు అడుగుడు మర్చిన చెల్లె."