ఖావి చెరిపిన పేర్లు

మా బావ ఖావి ముప్పై ఏళ్ళు నైలు పడమటి గట్టున పెద్దవాళ్ళ సమాధులకి బొమ్మలు చెక్కాడు. రాతి మీద ఎర్రగా గడులు గీసుకుని, భుజానికిన్ని, మోకాలికిన్ని అని లెక్క. పండు ముసలాడైనా బావ ఉలి కింద పడితే కుర్రాడే, ఎడమ కాలు ముందుకేసి నిలబడాల్సిందే. చచ్చినవాళ్ళు ఆ రాతిలో ఉండి, ఆ రాతి ముక్కుతోనే ఊపిరి పీలుస్తూ, మనం పెట్టిన రొట్టె తింటారు. ఎవరి బొమ్మ ఎవరిదో చెప్పేది పేరొక్కటే. పాత పేరు గీకేసి కొత్త పేరు చెక్కమన్నా బావ చెక్కేవాడు.

"వాళ్ళ నోటికాడ కూడు తీసేస్తున్నావు బావా!" అంటే, "నోర్మూసుకోవే, ఎప్పుడో పోయినోళ్ళు" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

వరదల్లో మా అక్క హెనుత్ పోయింది. మిగిలిపోయిన సున్నపురాతిలో ఆమె బొమ్మ చెక్కాడు. ఇరవై ఏళ్ళ పిల్లలా ఉంది.

"పెదవి మీది మచ్చ పెట్టు బావా, లేకపోతే అది అక్క ఎలా అవుతుంది?"

"మచ్చ పెడితే ఎల్లకాలం మచ్చతోనే ఉండాలి. పేరు చెక్కాగా, చాలు."

అప్పుడే మేస్త్రీ మహు వచ్చిపడ్డాడు. ముందురోజే వాళ్ళమ్మ పోయిందట.

"ఇది మా అమ్మకి సరిపోతుంది. ఆ పేరు గీకెయ్."

"అయ్యా, అది నా పెళ్ళాం."

"అయితే ఏంటయ్యా? అందరి మొహాలూ ఒకటేగా! ఎన్ని గీకలేదు నువ్వు?"

బావ మొహం నల్లబడిపోయింది. సుత్తి అందుకుని ఒక్కటేశాడు. అక్క ముక్కు ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది.

"తీసుకుపో! ఊపిరాడని అమ్మ కావాలా నీకు? తీసుకుపో!"

మహు శాపనార్థాలు పెడుతూ వెళ్ళిపోయాడు. మర్నాడే బావని రాతి గనికి తోలేశారు.

వాళ్ళు తీసుకుపోయే ముందు నేను బావ చొక్కా లేని రొమ్ము మీద రెండు చేతులా బాదాను. "మరి అక్కకి ఊపిరెలా ఆడుతుందిరా పాపిష్ఠోడా?" అని అరిచాను. తల వంచుకున్నాడు.

రోజూ ఆ బొమ్మ ముందు రొట్టె, బీరు పెట్టి అక్క పేరు గట్టిగా పిలుస్తున్నాను. తినడానికి లోపల ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు.