ఉల్లిపాయల బండి, నీలం లైట్ల డబ్బా

మా పికప్ బండిని తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల వ్యాపారి దగ్గర కొన్నాం. అప్పటికే అది ఏళ్ల తరబడి గూడెం మార్కెట్లో ఉల్లి బస్తాలు మోసి ఉంది. సబ్బునీళ్లు పోసి కడిగాం, నిమ్మచెక్కలు రుద్దాం, వేసవి మొత్తం తలుపులు తీసి ఎండలో ఉంచాం. వాసన మాత్రం పోలేదు. అద్దాలెత్తి కూర్చుంటే ఏ బాధా లేకుండానే కళ్ల వెంట నీళ్లు కారేవి.

బండి నడిపేది నేనే. మా ఆయన వట్లూరులో ఒక కాలేజీలో లెక్కలు చెబుతారు, స్టీరింగు ముట్టుకోరు. పక్క సీట్లో కూర్చుని ఎదురొచ్చే లారీ ఎంత దూరంలో ఉందో చెప్పడమే ఆయన డ్రైవింగు. ఏలూరులో చేపల మేత బస్తాలు ఎత్తించుకుని కైకలూరు, ముదినేపల్లి వైపు చెరువుల దగ్గర దించి రావడం నా పని. కొల్లేరు చుట్టూ నేల అరచెయ్యిలా ఉంటుంది. ఎత్తు అంటే చెరువు గట్టు, పల్లం అంటే చెరువు. అందుకే బండిలో సత్తువ తగ్గిపోయిందన్న సంగతి నాకు చాలాకాలం తెలియలేదు. తెలిసింది ఏలూరు రైల్వే వంతెన మీద.

ఆ రోజు వెనకాల నలభై బస్తాలున్నాయి. వంతెన సగం ఎక్కేసరికి ఇంజను మూలగడం మొదలుపెట్టింది. రెండో గేరు నుంచి ఒకటికి దించాను. నల్లటి పొగ కక్కుతూ చీమలా పాకింది. వెనక బస్సువాడు హారను మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. అంతలో పాల క్యాన్లు తగిలించుకున్న సైకిలును నడిపించుకుంటూ ఒక పెద్దాయన నా కిటికీ పక్కకి వచ్చాడు. కాసేపు ఇద్దరం పక్కపక్కనే ప్రయాణం చేశాం. ఆయన లోపలికి తొంగి చూసి, ఎంతో మర్యాదగా, "అమ్మా, పైకెళ్లి సైకిలు స్టాండు వేసి వచ్చి తొయ్యమంటారాండీ?" అన్నాడు.

వెక్కిరించి ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. అంత మర్యాదకి ఏం జవాబు చెప్పాలి? "వద్దండి బాబాయ్‌గారూ, మీరు పదండి" అన్నాను. ఆయన పదిలంగా నన్ను దాటుకుని వెళ్లిపోయాడు.

బస్సు వెనక బండిలో మా మరిది ఉన్నాడని ఆదివారం భోజనాల దగ్గర తెలిసింది. అతనిది కొత్త పికప్. కొని ఏడాది కాలేదు. ముందు ఇనుప గార్డు, లోపల పెద్ద స్పీకర్లు, అద్దం మీద ఒక బైబిలు వాక్యం. అన్నం గరిటెను చూపించి ఇది వదిన బండి అన్నాడు, కోడి ఎముకను చూపించి ఇది పాలాయన అన్నాడు. పళ్లెం అంచు మీద ఎముక గరిటెను దాటిపోయేలా ఆడించి చూపించాడు. మా అత్తగారికి పొలమారింది. మా ఆయన తలొంచుకుని పెరుగన్నంలోకి నవ్వుకుంటున్నారు. భుజాలు కదులుతుంటే నాకు కనపడదా?

"వదినా, ఈసారి వంతెనెక్కేముందు ఆ పాలాయన్ని మాట్లాడి పెట్టుకోండి" అన్నాడు మరిది.

నోరు జారాను. "నెల రోజులాగు. నీ బండి, నా బండి, ఒకే బరువు. ఆ వంతెన మీదే తేల్చుకుందాం. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల బండి మూడు నెలలు కడగాలి."

"అయితే ఆ ఉల్లిపాయల కంపు నాకు తప్పినట్టే" అన్నాడు నవ్వుతూ.

మర్నాడే కంగారు పట్టుకుంది. కొత్త ఇంజను కొనే స్తోమత లేదు. ఫోన్లో వీడియోలు చూస్తే ఏవేవో చిప్పులంటారు, అర్థం కాదు. గూడెం వెళ్లినప్పుడు కారు సామాన్ల కొట్లో అడిగాను. కొట్టాయన అరలోంచి అరచేతంత నల్లడబ్బా తీసి వైరు తగిలించాడు. దాని మీద నీలం లైట్లు మినుకుమన్నాయి. "ఇది పెడితే బండి ఎగురుతుందండి. పైగా డీజిలు మిగులుతుందండి" అన్నాడు. చేత్తో పట్టుకుంటే మంచి బరువుగా ఉంది. బరువున్న వస్తువులో సరుకు ఉంటుందని నమ్మి కొనేశాను.

దాన్ని బిగించమని ఏలూరులో మా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అందరూ ఆయన్ని భాయ్‌గారు అంటారు. తెల్లగడ్డం, నూనె మరకల్లేని తెల్లచొక్కా. ఆ పనిలో ఉండి చొక్కా తెల్లగా ఎలా ఉంచుతారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన డబ్బాని చెవి దగ్గర ఊపి, స్క్రూడ్రైవరుతో మూత ఊడదీశారు. రెండు చిన్న లైట్లు, ఒక బటనంత అట్టముక్క. అడుగున బరువు కోసం పోసిన సిమెంటు ముద్ద.

"గోడ కట్టుకోవడానికి పనికొస్తుందమ్మా" అన్నారు భాయ్‌గారు, నవ్వకుండా.

సిగ్గుతో పందెం సంగతంతా చెప్పేశాను. ఆయన విని, బండికి జాకీ పెట్టి వెనక చక్రం లేపారు. "తిప్పండమ్మా" అన్నారు. తిప్పాను. సగం చుట్టు కూడా తిరగలేదు.

"చూశారా? మీరు పెడలు మీద నుంచి కాలు తీసేసినా బ్రేకు వదలట్లేదండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బ్రేకేసుకునే తిరుగుతున్నారు. దీనికి బలం పెంచక్కర్లేదమ్మా, ఉన్న బలాన్ని వదిలితే చాలు."

ఆ నెలంతా ఖాళీ దొరికినప్పుడల్లా షెడ్డు దగ్గరే ఉన్నాను. బ్రేకులు విప్పి శుభ్రం చేసి బిగించారు. గాలి ఫిల్టరు డబ్బా తెరిస్తే లోపల మేతపొడి అట్టలు కట్టి ఉంది. దాని మధ్యలో ఒక ఎలుక మేతసంచి పీచుతో చక్కగా పక్క వేసుకుంది. ఎలుక లేదు గానీ సంసారం మొత్తం ఉంది. కొత్త ఫిల్టరు వేశారు. ఇంజనుకి గాలి తోసే టర్బో గొట్టం పగిలి బుస్సుమంటుంటే అదీ మార్చారు. డీజిలు ఫిల్టరు, వాల్వుల సెట్టింగు, నాలుగు టైర్లలో సరిగ్గా గాలి. అంతే. అన్నీ కలిపి మా మరిది స్పీకర్ల ఖరీదులో సగం కూడా కాలేదు.

చివరి రోజు భాయ్‌గారు బండి వెనక తొట్టిలోకి చూసి, "ఇవన్నీ ఏంటమ్మా?" అన్నారు. అవీ ఇవీ దింపాం. పాడైన చక్రం ఒకటి, రెండో జాకీ, గట్టిపడిన సిమెంటు బస్తా, చక్రాల కింద పెట్టే రాళ్లు ఏడు, బాగు చేయిస్తానని ఒప్పుకుని నేను మరిచిపోయిన చర్చి బెంచీ ఒకటి. ఉల్లిపాయల వ్యాపారి తొట్టి అడుగున వేయించిన రెండో ఇనుప రేకు కూడా విప్పించేశారు. బండి ఒక్కసారి వెనక నుంచి రెండంగుళాలు పైకి లేచింది. ఇంజను స్టార్టు చేస్తే ఏదో కొత్త గొంతు వినిపించింది.

ఆ నీలం లైట్ల డబ్బా పారేద్దామనుకున్నాను. మనసొప్పలేదు. స్టీరింగు పక్కన అందరికీ కనపడేలా అంటించి, వైరు తగిలించాను. భాయ్‌గారు చూసి గడ్డం గోక్కున్నారు.

పందెం ఆదివారం ఆరాధన అయ్యాక, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. ఒక్కో బండిలో ముప్ఫై బస్తాలు. షరతు భాయ్‌గారే పెట్టారు. "వేగం పందెం వద్దండి, ప్రాణాలు పోతాయి. వంతెన మొదట్లో ఆగి బయలుదేరాలి. ఒకరి తరవాత ఒకరు. ఆగకుండా, ఒకటో గేరుకి దిగకుండా పైకెక్కాలి."

ముందు నేను. రెండో గేరులో పట్టి, కాలు కదపకుండా ఉంచాను. పక్కన మా ఆయన సీటు అంచు పట్టుకుని, "ఇంకా నలభై మీటర్లుంది, ముప్ఫై ఉంది" అని లెక్క చెబుతూనే ఉన్నారు. బండి మూలగలేదు. పొగ వదల్లేదు. పైకెక్కి ఓ పక్కకి ఆపి దిగాను.

తరవాత మా మరిది. రెండో గేరులో ఎక్కితే వదినతో సమానం అయిపోతానని అనుకున్నాడో ఏమో, స్పీకర్లు మోగిస్తూ సగంలోనే మూడో గేరు వేశాడు. కొత్త బండి రెండుసార్లు ఊగి, అక్కడే టక్కున ఆగిపోయింది. పాట మాత్రం ఆగలేదు.

అతను బండి దిగి నా దగ్గరికి వచ్చాడు. గేరు తప్పు వేశానని ఒప్పుకుంటాడా? నా కిటికీలోంచి చూశాడు. నీలం లైట్లు మినుకుమంటున్నాయి.

"ఇదేంటి వదినా?"

చెప్పాలనే ఉంది. కానీ కోడి ఎముక గుర్తొచ్చింది. గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పకు. గూడెంలో ఒక్కటే దొరికింది" అన్నాను.

వారం తిరక్కుండా ఆ డబ్బా అడిగి పట్టుకెళ్లాడు. ప్రతి శనివారం వచ్చి ముక్కుకి తుండు కట్టుకుని నా బండి కడిగేవాడు, కడుగుతూ డబ్బా గొప్పలు చెప్పేవాడు. "డీజిలు బాగా మిగులుతోంది వదినా. ఇంజను ఎంత మెత్తగా ఉందో." నేను లోపలికెళ్లి దిండులో మొహం పెట్టి నవ్వుకునేదాన్ని. మా ఆయన మాత్రం, "ఇది న్యాయం కాదు" అనేవారు. అంటూనే ఆయనా నవ్వేవారు.

నవ్వు ఆగిపోయింది ఒక శనివారం. "సర్వీసుకి ఇవ్వడం మానేశా వదినా. డబ్బా ఉందిగా, ఇంకెందుకు?" అన్నాడు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి అది. అప్పటికప్పుడు కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. ఎలుక పక్క, బ్రేకులు, చర్చి బెంచీ, సిమెంటు ముద్ద, ఏదీ దాచలేదు. "నాదే తప్పు. నీకు కోపమొస్తే రానీ గానీ రేపే బండి చూపించు" అన్నాను.

అతను బక్కెట్టు కింద పెట్టాడు. నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ తడి నేల మీద చతికిలబడ్డాడు.

"మొదటి వారమే మూత తీశా వదినా. సర్వీసు మాట ఉత్తదే, మీరెప్పుడు చెబుతారో చూద్దామని అన్నా. డబ్బా నా దగ్గర లేదు. కైకలూరు రోడ్డులో చేపల లారీ ఆయనకి ఇచ్చేసి, మంచి స్టెప్నీ టైరు తెచ్చుకున్నా."

నా పరిస్థితి ఏం చెప్పను? నేను కాపురానికొచ్చిన కొత్తలో తల దువ్వి స్కూలుకి పంపిన పిల్లాడు నన్ను రెండు నెలలు ఆడించాడు. నవ్వాలో తిట్టాలో తెలియక బక్కెట్టు నీళ్లు అతని నెత్తిన పోశాను. అయితే ఆ లారీ ఆయన సంగతి ఊరుకోనివ్వలేదు. సోమవారం మేత దింపి వస్తూ ఆయన షెడ్డు దగ్గర ఆగాను. డబ్బాలో ఏముందో చెప్పి, టైరు వెనక్కి ఇప్పిస్తానన్నాను.

ఆయన కంగారుపడ్డాడు. "వద్దండి, వద్దండి. అది మాకు బ్రహ్మాండంగా పనిచేస్తోందండి."

"అందులో ఏమీ లేదండీ."

"లేకపోతే లేకపోనివ్వండి. ఆ లైట్లు మొహం మీద పడుతుంటే మా డ్రైవరుకి కునుకు పట్టట్లేదండి. టీ తాగుతారా?"

ఇద్దరం నిలబడి టీ తాగాం. తాగుతూ, వెనక చక్రం ఒకసారి లేపి తిప్పి చూడమని చెప్పాను. "ఎందుకండీ?" అన్నాడాయన. జాకీ తెమ్మన్నాను.