పైపు దొర పొగాకు పలకలు

ఆ రోజుల్లో మా మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. కర్నూలేమో కొత్త రాష్ట్రానికి రాజధాని. గుడారాల్లో సర్కారు కచేరీలు పెట్టుకున్న రాజధాని అని పక్క జిల్లాలవాళ్లు నవ్వేవారు గానీ, మా జిల్లా మాత్రం మీసం మెలేసుకునే తిరిగేది. ఆ గాలి నాకూ సోకింది. ఎస్సెల్సీ రెండో విడతలో గట్టెక్కినవాణ్ణి, పలకల కంపెనీలో టెంపరరీ గుమాస్తాని, సైకిలు కూడా లేదు. అయినా నడకలో మంత్రిపదవి ఖాయమైనవాడి ధీమా ఉండేది. (ఇప్పుడు తల్చుకుంటే ఆ కుర్రాణ్ణి పట్టుకుని రెండు తగిలించాలనిపిస్తుంది.) లోపల మాత్రం ఒకటే దడ. హనుమంతునిపాడు పక్క మా ఊళ్లో నాయనకు గొర్రెల మంద ఉండేది. "దసరా నెలలో పర్మనెంటు కాకపోతే వచ్చేయ్ రా. గొర్లు ఎస్సెల్సీ అడగవు" అని తేల్చి చెప్పినాడు. ఆయన మాటంటే మాటే.

పర్మనెంటు చేయాల్సింది మా మేనేజరు. గుంటూరు మనిషి, మద్రాసులో చదివాడు, నోట్లో ఎప్పుడూ పైపు. అందుకే కంపెనీ అంతా ఆయన్ని పైపు దొర అనేది, ఆయన చెవిన పడకుండా. ఏడాదికొకసారి దసరా ముందు మద్రాసు నుంచి ఆయనకు తేనె కలిపిన పొగాకు డబ్బా పార్సిలు వచ్చేది. మూత మీద తేనెటీగ బొమ్మ, దాని కింద సంవత్సరం. ఏటేటా ఆ ఏటి తేనెతో కొత్తగా కలిపి వదిలేవారట. దొర ముందు పాత డబ్బాలో మిగిల్చిన పొగాకు ఒక పైపు కాల్చి, ఆ తర్వాత కొత్తది కాల్చి, రెండింటినీ పోల్చి రాసిపెట్టుకునేవాడు. కాగితం మీద కాదు, పలక మీద. పలకల కంపెనీలో కాగితం దండగ అని ఆయన సిద్ధాంతం. నాలుగేళ్లకు నాలుగు డబ్బాలు, నాలుగు పలకలు ఆయన అల్మైరాలో ఉండేవి. ఈ సంగతులన్నీ నాకు ఒక పూట ఆలస్యంగా తెలిశాయి.

ఆ ఏడు ఆయుధపూజ నాటికి దొర గిద్దలూరులో ఉన్నాడు, మర్నాడు పొద్దున్నే వస్తాడు. ఆయన రాగానే మెచ్చుకోవాలని ఆఫీసంతా నేనే కడుగుతానని నెత్తిన వేసుకున్నాను. మా ఊళ్లో ఆనాడు రైతులు నాగలి కడుగుతారు, వడ్రంగులు బాడిసె కడుగుతారు. పలకల కంపెనీలో ఏం కడుగుతారు? పలకలే. పైగా రాత ఉన్న పలక అమ్మవారి ముందు పెడితే చదువు అబ్బదని మా అవ్వ చెప్పేది. కనబడిన ప్రతి పలకనూ తొట్టిలో ముంచి, పీచు పెట్టి తోమి, పసుపు రాసి, కుంకుమ పెట్టి వరసగా నిలబెట్టాను. తాళం లేని అల్మైరా తెరిచి అందులో ఉన్నవీ వదల్లేదు. భక్తి అంటే అట్లా ఉండాలి అనుకున్నాను కూడా.

గుగ్గిళ్లు తింటూ వచ్చిన అటెండరు తాత ఆ వరస చూసి నమలడం ఆపేశాడు. "అల్మైరాలోటివి గూడా కడిగినావా?"

"కడిగినా తాతా. బాగా రాలేదా?"

"బాగొచ్చినాయి లేబ్బా. నీ ఉద్యోగం గూడా వాటితోనే కడుక్కపోయింది. అవి దొర పొగాకు పలకలు రా!"

కథంతా ఆయన నోటనే విన్నాను. కొత్త డబ్బా వచ్చి బల్లమీద ఉంది, పొద్దున్నే దొర దాన్ని తెరుస్తాడు, పలకలు తిరగేస్తాడు. "ఏం రాసినాడు తాతా వాటి మీద?" అంటే, "ఇంగిలీసు నాయనా, నాకేం ఎరిక? రాసేటప్పుడు మాత్రం ఊరికే నిట్టూరుస్తాడు" అన్నాడు. ఇక మిగిలిన దారి ఒక్కటే. నాలుగు డబ్బాల్లోనూ అడుగున కాస్త పొగాకు ఉంది. తాగి చూసి, తేడా కనిపెట్టి, మళ్లీ రాసేయడమే! అప్పటిదాకా నేను బీడీ కూడా ముట్టినవాణ్ణి కాదు.

పైపు దొరతోనే గిద్దలూరు పోయింది, ఉన్నా ఎంగిలే కదా అని తాత మోదుగాకులో నాలుగు చుట్టలు చుట్టి ఇచ్చాడు. పగిలిన పలకలు పోసిన గుట్ట వెనక కూర్చున్నాం. మొదటి చుట్టకు కళ్లలో నీళ్లు. రెండోదానికి దగ్గు. మూడోదానికి గుట్ట కొంచెం పక్కకు జరిగింది. నాలుగోది పూర్తయ్యేసరికి ప్రసాదం గుగ్గిళ్లన్నీ వచ్చిన దారినే బయటికి పోయాయి. తాత మాత్రం నాలుగింటిలోనూ తన వంతు దర్జాగా పీల్చి, "దీనికంటే మా బేస్తవారిపేట చుట్ట నయం" అని తీర్పు చెప్పినాడు. ఆ మైకంలోనే నాకొచ్చిన ఇంగ్లీషులో నాలుగు పలకలూ నింపాను. దాని భావం ఇది. మొదటి సంవత్సరము: తేనె కలదు, పొగాకు కూడా కలదు. రెండవ సంవత్సరము: తేనె తక్కువ, దగ్గు ఎక్కువ. మూడవ సంవత్సరము: భూమి తిరుగును. నాల్గవ సంవత్సరము: దేవుడు కనబడును.

పొద్దున దొర వచ్చాడు, డబ్బా తెరిచాడు, పలకలు చేతిలోకి తీసుకున్నాడు. ఒకటి చదివాడు, రెండోది చదివాడు. నేను మనసులో గొర్రెలకు పేర్లు పెట్టుకుంటున్నాను. నాలుగోది చదివి, నా దస్తూరీ గుర్తుపట్టి తలెత్తాడు.

"ఏమోయ్, దేవుడు కనబడ్డాడా?"

"కనబడినాడు సార్" అన్నాను. ఆ వెంటనే జరిగిందంతా ఏడుపు గొంతుతో కక్కేశాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి, నవ్వుతున్నాడని ఆలస్యంగా అర్థమైంది. "ఇంత రాశావు గానీ, వాటి మీద నేనేం రాశానో తెలుసా? మొదటి పలక మీద 'బాగుంది' అని. తక్కిన మూడింటి మీదా 'పోయినేడాదిదే బాగుంది' అని. అంతేనయ్యా!" అని కొత్త పొగాకు పైపులో నింపి, వెలిగించి, నాలుగు పీల్పులు పీల్చి, గుడ్డతో పైపు తుడిచి నా చేతికిచ్చాడు. "నువ్వు చెప్పు."

ఒక్క పీల్పు పీల్చాను. నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. "పోయినేటిదే బాగుండె సార్."

దొర బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. "నువ్వు పర్మనెంటు!" అని, కొత్త పలక తీసుకుని నా మాటనే దాని మీద రాశాడు. అది అయిదో పలక.

కాకా పట్టడానికి అన్నానో, నిజంగా అనిపించి అన్నానో నాకిప్పటికీ తెలియదు. నాయనకు కబురంపితే, "సరే, ఆ గొర్రెలేవో నేనే కాసుకుంటాలే" అన్నాడట, మొహం మాత్రం వెలిగిపోయిందట. రెండేళ్లకు దొరకు బదిలీ అయింది. పోతూ పోతూ ఆ అయిదో పలక నా చేతిలో పెట్టి, "దీన్ని మాత్రం కడగకు" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన మేనేజరు మంచివాడే. పైపు లేదు, కోపం లేదు, నన్ను పేరుపెట్టి గౌరవంగా పిలిచేవాడు. అయినా ఆయన గదిలోకి వెళ్లిన ప్రతిసారీ తేనె వాసన కోసం నా ముక్కు వెతుక్కునేది. బెంగపడ్డాను, దాచుకోవడమెందుకు?

ఇప్పుడు నేను రిటైరై కూడా చాలాకాలమైంది. మామిడిపండు తిన్నా, వాన కురిసినా, మా ఆవిడ పులుసు పెట్టినా నా నోట వచ్చేది ఒకటే మాట. "మీకు ఇంత మాటలెందుకు, ఒక పలక చాలు" అంటుంది ఆమె. నిజమే. ప్రతి ఆయుధపూజకూ ఇంట్లో అన్నీ కడుగుతాను, ఆ పలకకు మాత్రం రాతకు తగలకుండా ఒక మూలన కుంకుమ బొట్టు పెడతాను. ఈసారి దాని కోసం వంగితే మోకాళ్లు కలుక్కుమన్నాయి. పోయినేటి నొప్పే బాగుండె.