నీళ్లు తాగని బడి

పొద్దున ఆదోనిలో బస్సెక్కితే, సాయంత్రం ఇల్లు చేరేదాకా నేను నీళ్లు ముట్టేదాన్ని కాదు. ఆస్పరి అవతల నేను పాఠాలు చెప్పే బడిలో ఆడవాళ్లకున్న ఒక్క మరుగుదొడ్డికీ తాళం. లోపల విరిగిన బెంచీలు, పాత పుస్తకాల కట్టలు. తాగితే కదా పోవాల్సింది! దాహమేస్తే బుగ్గన ఒక వక్కపలుకు పెట్టుకుని నములుతుండేదాన్ని. నోట్లో తడి ఊరేది, పాఠం నడిచిపోయేది. ఆ తెలివికి నాలో నేనే మురిసిపోయేదాన్ని కూడా.

ఈ ఎండాకాలం ఆ తెలివి తిరగబడింది. తలనొప్పి, పిక్కలు పట్టేయడం ముందునుంచే ఉన్నాయి. ఒకరోజు తొమ్మిదో తరగతిలో పద్యం రాగం తీయబోతే, చెవి ముందర దవడ టక్కుమని అక్కడే ఆగిపోయింది. నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. రొట్టె కొరకలేను, పాఠం చెప్పలేను. నోటితో బతికేదాన్ని, నిజంగా భయమేసింది.

ఆదోనిలో పళ్ల డాక్టరమ్మ నా పళ్లకు పట్టిన వక్క గార చూసి, దవడ కీలు నొక్కి చూసింది.

"బళ్లో ఉన్నంతసేపు నీళ్లు తాగతారా మీరు?"

తల అడ్డంగా ఊపాను.

"ఒంట్లో నీళ్లు తక్కువైతే కండరాలు బిగుసుకుంటాయమ్మా. ఆ బిగిసిన దవడతో పొద్దంతా వక్క నమిల్తే కీలు ఏం కావల్ల? వక్క మానండి, నీళ్లు తాగండి."

మరునాడు బడికి నీళ్ల సీసాతో పోయాను. తరగతిలో మూత తీయగానే ముందు బెంచీ ఆడపిల్ల కంగారుపడింది.

"తాగొద్దు మేడం! మల్ల యాడికి పోతారు?"

"మీరు తాగరా?"

"ఇంటికి పోయినాకే మేడం. మేమంతా అంతే."

నాకు ఒళ్లు మండింది. నేరుగా హెడ్మాస్టరు గదికి పోయాను.

"ఇన్నేండ్లు లేంది ఇప్పుడేం తొందరమ్మా? ఆ సామాన్లు యాడ పెట్టల్ల?" అన్నాడాయన.

"మీ గదిలో పెట్టుకోండి సార్. తాళం తీసేదాకా నేను ఈడ్నించి కదల్ను."

దవడ సలుపుతూనే ఉంది. అయినా కదల్లేదు.

మధ్యాహ్నానికి బెంచీలు బయటపడ్డాయి. కొంగు దోపుకుని, ఆయాతో కలిసి నేనే నేల కడిగాను. తర్వాత ఆడపిల్లల్ని పిలిచి నీళ్ల బిందె చూపించాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారే తప్ప ఎవరూ గ్లాసు ముట్టలేదు. వాళ్ల ముందే నేను గ్లాసుడు తాగి, మరుగుదొడ్డికి పోయి వచ్చాను.

అప్పుడు ముందు బెంచీ పిల్ల గ్లాసు అందుకుంది. ఊపిరి తీసుకోకుండా తాగింది. మళ్లీ ముంచుకుంది.