చిన్నత్త ఎంచిన చాకు

మా చిన్నత్త చాకు కొనే తీరు పక్కనున్న కోట ఊళ్లో అంగళ్లవాళ్లందరికీ తెలుసు. నేను కృష్ణపట్నానికి కొత్త కోడలిగా వచ్చిన ఏడు ఆమెకు తోడుగా వెళ్లాను. కొమ్ముపిడి మడతచాకు ఒకటి తీసుకుని, పిడి దగ్గర అలుగు వదులుగా కదులుతోందేమోనని ఊపి చూసింది. విప్పిన చాకు దానంతటది మూసుకుపోతుందేమోనని వెన్ను మీద గట్టిగా నొక్కింది. అంగడాయన అడక్కుండానే చెంబుతో నీళ్లు తెచ్చాడు. అత్త చేయి తడుపుకుని, కళ్లు మూసుకుని, ఒంటిచేత్తో చాకు విప్పింది.

"కళ్లెందుకు మూసుకున్నావత్తా?" అన్నాను.

"నీళ్లలో ఆయనకి కనపడదు గదమ్మా."

చిన్నమామ నా పెళ్లికి చాలా ముందే సముద్రంలో పోయాడు. వలతాడు కాలికి చుట్టుకుని మునిగిపోతూ, తుప్పుపట్టిన చాకు విప్పలేకపోయాడని పడవలోని తోటివాళ్లు చెప్పారట. శవం దొరకలేదు. అప్పటినుంచి అత్త ఏటా ఒక మంచి చాకు ఎంచి, మడిచి, ఆయన మునిగినచోట పడవవాళ్ల చేత వేయించేది.

మరుసటి ఏడు నా భర్త వలలో మేము కొన్న ఆ చాకే పడింది. విప్పి ఉంది. మడతలో తెగిన వలతాడు పీచు ఇరుక్కుని ఉంది.

అత్త దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"కోసేసినాడు. ఇంక ఇంటికి రాకేం?" అంది నెమ్మదిగా.

ఆ సాయంత్రం ఆమె తలంటుకుని, ఇద్దరికి అన్నం వండి, సముద్రం వైపు తలుపు తీసిపెట్టి కూర్చుంది.

నేను మా గదిలోకి వెళ్లి గడియ వేసుకున్నాను.